పాకుడు జిగురు కథ

వానకాలములో చెరువు మెట్లు దిగువారు ఒక జాగ్రత్త పాటింతురు. పాకుడు పట్టిన మెట్టుపై పాదము మోపుటకు ముందు బొటనవ్రేలితో తడిమి చూతురు. అక్కడ కాలు జారుటకు కారణము రాయి కాదు, నీరు కాదు. రాతిని అంటిపెట్టుకొని బ్రతుకు సూక్ష్మజీవులు తమ చుట్టును పేర్చుకొన్న జిగురే కారణము. వేసవిలో అదే జిగురు మెట్టుపై నల్లని పెచ్చువలె ఎండిపోవును. గోటితో గీకినచో పొడిగా రాలును. ఒక మంచి వాన కురిసినంతనే మరల ఉబ్బి, రంగు తేలి, జిగటగా మారును.

ఇట్టి జిగురును తయారుచేయు జీవులలో సయనోబాక్టీరియాలు ముఖ్యమైనవి. వీటిని చాలకాలము నీలి ఆకుపచ్చ శైవలములని పిలిచిరి. ఇవి సూర్యరశ్మి సహాయముతో తమ ఆహారమును తామే చేసికొని ఆమ్లజనిని విడుచును. అందువలన పూర్వపు శాస్త్రజ్ఞులు వీటిని మొక్కలలో చేర్చిరి. కాని మొక్కల కణములలో ఉండు కేంద్రకము వీటిలో లేదు. ఇవి నిజమునకు బాక్టీరియాలే యని రోజర్ స్టేనియర్, ఆయన సహచరులు 1970 దశకములో గట్టిగా వాదించిరి. ఆ తరువాతనే సయనోబాక్టీరియా అను పేరు స్థిరపడినది.

వీటి జిగురు పాలీసాకరైడుల జాతికి చెందిన పదార్థము. అనేక చక్కెర అణువులు ఒకదానితో నొకటి గొలుసువలె కలిసినచో పాలీసాకరైడు ఏర్పడును. బియ్యములోని పిండిపదార్థము, ప్రత్తిలోని సెల్యులోజు ఈ జాతివే. పిండిపదార్థమును మొక్క తన కణముల లోపల దాచుకొనును. అది రేపటి భోజనము. సయనోబాక్టీరియా మాత్రము తాను కష్టపడి చేసికొన్న చక్కెరలో కొంత భాగమును గొలుసులుగా కూర్చి కణము వెలుపలికి పంపివేయును. కంటికి కనిపించని ఈ చిన్న జీవి తన ఆహారమును ఇట్లు బయట పారబోయుట ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాలకాలము పట్టినది. ఆ సమాధానము మెట్టుమీది పాకుడుతో ఆగక, పంటపొలముల వరకును, ఎడారుల వరకును, కడప కొండలలోని రాళ్ళ వరకును పోవును.

ఆకాశమునుండి పడినదను నమ్మకము

ఐరోపా దేశములలో రాత్రి వాన కురిసి వెలిసిన తరువాత, ఉదయమున గడ్డినేలపై మెత్తని ఆకుపచ్చని ముద్దలు కనిపించెడివి. నిన్న అక్కడ ఏమియును లేదు. నేడు చేతినిండ పట్టునంతటి ముద్ద ఉన్నది. ఇది రాత్రి రాలిన నక్షత్రము విడిచిన పదార్థమని ప్రజలు నమ్మిరి. 16వ శతాబ్దమున జీవించిన వైద్యుడు, రసవాది పారసెల్సస్ దీనికి ‘నాస్టాక్’ అను పేరు పెట్టెనని చెప్పుదురు. ముక్కుపుట మను అర్థముగల మాటలనుండి ఆ పేరు పుట్టినదందురు. అనగా అది నక్షత్రము చీదిన చీమిడి యని భావము.

ఈ నమ్మకమును విని నవ్వుట సులభము. కాని దానికి ఆధారమైన పరిశీలనలో తప్పు లేదు. ముద్ద నిజముగనే ఒక్క రాత్రిలో కనబడినది. ఆకాశమునుండి పడినది వాన మాత్రమే. నాస్టాక్ అంతకుముందే ఆ నేలపై పలుచని నల్లని పొరగా ఎండి, మట్టిలో కలిసిపోయినట్లు పడియుండెను. వాననీరు తగులగనే దాని జిగురు తన బరువునకు ఎన్నో రెట్లు నీటిని పీల్చి ఉబ్బినది. కొత్త జీవి పుట్టలేదు, పాతదే దాహము తీర్చుకొన్నది.

1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ మొక్కల పేర్లను క్రమబద్ధము చేయుచు, ఈ ముద్దను ‘ట్రెమెల్లా నాస్టాక్’ అను పేరుతో శైవలములలో చేర్చెను. ఆకాశపు వస్తువు భూమిపై మొక్కగా గుర్తింపు పొందినది. 1803లో జెనీవా నగరవాసియైన వాషే మంచినీటి శైవలములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన మతాచార్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు కూడ. నాస్టాక్‌ను ఒక ప్రత్యేక ప్రజాతిగా వర్ణించినది ఆయనయే. ముద్దలో చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినచో, గుండ్రని కణములు పూసలదండలవలె వరుసగా కూర్చబడి కనిపించును. పూసలు కొన్నియే. ముద్దలో అధికభాగము ఆ దండలు మునిగియున్న జిగురు మాత్రమే.

ఫ్రాన్సు దేశపు బోర్నే, ఫ్లావో అను శాస్త్రజ్ఞులు 1886 నుండి 1888 వరకు ఈ కుటుంబమును సమగ్రముగా పరిశీలించి వర్గీకరించిరి. ఒక జాతిని మరియొక జాతినుండి వేరుపరచుటకు జిగురు తొడుగు యొక్క మందము, రంగు, పొరలు కూడ గుర్తులుగా ఉపయోగపడినవి. అయినను ఆ కాలమున జిగురు గుర్తుపట్టుటకు పనికివచ్చు చిహ్నము మాత్రమే. అది ఏ పని చేయునో విచారించినవారు తక్కువ.

మూడు రూపములు

జిగురు అన్ని సయనోబాక్టీరియాలలోను ఒకే తీరున ఉండదు. కొన్నింటిలో కణమును గాని, కణముల దండను గాని అంటి పలుచని గట్టి తొడుగు ఉండును. దీనిని కోశమందురు. మరికొన్నింటిలో కణము చుట్టును మందమైన మెత్తని పొర ఉండును. మూడవ రూపము కణమునుండి విడిపోయి నీటిలో కరుగు జిగురు. సయనోబాక్టీరియా పెరుగు నీరు కొన్ని దినములకు చిక్కబడుటకు ఈ మూడవ రూపమే కారణము.

ఈ జిగురునకు తనకంటూ రంగు లేనందున సూక్ష్మదర్శినిలో సులభముగా కనబడదు. పాఠశాలలో దీనిని చూచుటకు ఒక చిన్న ఉపాయము కలదు. గాజుపలకపై పాకుడు నీటిబొట్టులో ఒక చుక్క నల్లని ఇండియా సిరా కలుపవలెను. సిరాలోని మసి రేణువులు జిగురులోనికి చొరలేవు. అప్పుడు నల్లని వెనుకతెరపై కణము చుట్టును తెల్లని వలయము కనిపించును. ఆ వలయమే జిగురు.

జిగురులోని చక్కెరలు

జిగురు దేనితో చేయబడినదో తెలిసికొనుటకు రసాయనశాస్త్రము ఎదుగువరకు వేచియుండవలసి వచ్చినది. ఒకదానినొకటి పోలిన అనేక చక్కెరలు ఒకేచోట కలిసియున్నప్పుడు వాటిని విడదీయుట పూర్వము చాల కష్టము. 1944లో ఇంగ్లండులో మార్టిన్, ఆయన సహచరులు కాగితపు క్రోమటోగ్రఫీ అను పద్ధతిని ప్రకటించిరి. వడపోత కాగితముపై ద్రావకము ప్రాకునప్పుడు ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క దూరము పోయి నిలుచును. ఇట్లు మిశ్రమము విడిపోవును. క్రోమటోగ్రఫీలో చేసిన కృషికి మార్టిన్, సింజ్‌లు 1952లో నోబెల్ బహుమానము పొందిరి.

ఈ సాధనము చేతికందిన కొలదికాలమునకే జిగురు పరీక్షకు వచ్చినది. 1954లో కెనడా శాస్త్రజ్ఞులు బిషప్, ఆడమ్స్, హ్యూస్ అనబీనా సిలిండ్రికా అను సయనోబాక్టీరియా యొక్క పాలీసాకరైడును విశ్లేషించి ఫలితములను ప్రకటించిరి. అందులో గ్లూకోజు, జైలోజు, గాలక్టోజు, రామ్నోజు, అరబినోజు అను చక్కెరలును, గ్లూక్యురోనిక్ ఆమ్లమును ఉన్నవి. పిండిపదార్థములోను సెల్యులోజులోను ఉన్నది ఒక్క గ్లూకోజు మాత్రమే. ఇందులోనో, ఆరు విధముల కణికలు!

తరువాత అనేక జాతులను పరీక్షించినప్పుడును ఇదే సంగతి తేలినది. ఇతర బాక్టీరియాల జిగురులలో సాధారణముగా తక్కువ రకముల చక్కెరలు ఉండును. సయనోబాక్టీరియాల జిగురులలో అధికభాగము ఆరు గాని, అంతకు మించి గాని రకములతో కూర్పబడినవి. రెండు విశేషములు ముఖ్యముగా గమనింపదగినవి. మొదటిది, గ్లూక్యురోనిక్ ఆమ్లము వంటి ఆమ్లకణికలు ఇందులో ఎక్కువ. రెండవది, చాల జిగురులలో సల్ఫేటు కూడ ఉండును. బాక్టీరియాల జిగురులలో ఇది అరుదు. ఆమ్లకణికలకును సల్ఫేటునకును ఋణవిద్యుదావేశము ఉన్నందున అవి సోడియము, కాల్షియము వంటి ధనావేశముగల అయానులను పట్టుకొనును. ఈ సంగతి ముందు చెప్పబోవు చవుడు నేలల కథకును, రాళ్ళ కథకును కీలకము.

ఎండినను చావని జీవి

1941లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ లిప్మన్ ఒక వింతైన ఫలితమును ప్రకటించెను. హెర్బేరియములో 87 సంవత్సరములు ఎండి పడియున్న నాస్టాక్ నమూనాకు తేమ కల్పించగా అది మరల పెరిగినది. ఒక మనుష్యుని నిండు జీవితకాలము పాటు కాగితముల నడుమ నిద్రించిన జీవి మేల్కొన్నది.

సాధారణముగా కణమునుండి నీరు పోయినచో దానిని చుట్టియున్న సన్నని పొరలు ఒకదానినొకటి తగిలి అతుకుకొనిపోవును. మరల నీరు వచ్చినను అవి పూర్వస్థితికి రావు. లోపలి పదార్థములు కారిపోయి కణము చచ్చును. నాస్టాక్‌లో ఇట్లు జరుగకుండుటకు కారణమేమి? అమెరికాలో మాల్కమ్ పాట్స్, ఆయన సహచరులు 1990 దశకములో ఈ విషయమును శోధించిరి. నాస్టాక్ జిగురు కణముల పొరలు అతుకుకొనకుండ అడ్డుపడునని వారు ప్రయోగశాలలో చూపిరి. 2000లో ప్రకటింపబడిన పరిశోధనలో ఆ జిగురులో అంతకుముందు ఎరుగని ఒక ఆమ్లకణిక బయటపడినది. నాస్టాక్ పేరుమీదుగా దానికి నాస్ట్యురోనిక్ ఆమ్లమని పేరు పెట్టిరి.

అయినను ఒక సందేహము మిగిలియుండెను. ఎండను తట్టుకొనుటకు నిజముగా జిగురే కారణమా, లేక కణములోని మరియొక పదార్థమా? దీనిని తేల్చుటకు జిగురును తీసివేసి చూడవలెను. 2005లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆ పనియే చేసిరి. నాస్టాక్ కణములనుండి జిగురును తొలగించి, జిగురున్న కణములతో పోల్చి చూచిరి. మామూలు స్థితిలో రెండును ఆమ్లజనిని విడిచినవి. ఎండబెట్టి మరల తడిపినప్పుడును, గడ్డకట్టించి మరల కరిగించినప్పుడును జిగురు లేని కణముల కిరణజన్య సంయోగక్రియ బాగుగా క్షీణించినది. జిగురున్నవి నిలదొక్కుకొన్నవి.

దీనితో మొదటి ప్రశ్నకు సమాధానము దొరికినది. వెలుపలికి పంపిన చక్కెర వృథా కాలేదు. అది నీటిని నిలుపు పాత్ర, పొరలను కాచు మెత్త. కొన్ని జాతులు ఆ తొడుగులోనే స్కైటోనెమిన్ అను పసుపు గోధుమవన్నె రంగుపదార్థమును చేర్చి, తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణములనుండి తమను కాపాడుకొనును. వేసవిలో గోడలపై కనిపించు నల్లని మరకలలో ఈ రంగుకును పాలు కలదు.

చవుడు నేలలో ప్రయోగము

జిగురు తనను చేసిన జీవినే గాక, అది నిలిచిన నేలను కూడ మార్చునని తెలియుటలో భారతీయ శాస్త్రజ్ఞులకు గౌరవనీయమైన స్థానము ఉన్నది. 1939లో పి. కె. దే వరిపొలములలో గాలిలోని నత్రజనిని స్థిరపరచి నేలకిచ్చునది ముఖ్యముగా నీలి ఆకుపచ్చ శైవలములే యని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ఎరువు వేయకపోయినను వరి ఏటేటా కొంత పండుటలోని రహస్యము ఇందులో కలదు.

కాశీ హిందూ విశ్వవిద్యాలయములోని రామ్ నగీనా సింగ్ మరియొక అడుగు ముందుకు వేసెను. ఉత్తరప్రదేశ్ మొదలగు ప్రాంతములలో ఊసర భూములు అనబడు చవుడు నేలలు విస్తారముగా ఉన్నవి. సోడియము లవణములవలన ఈ మట్టి రేణువులు విడివిడిగా చెదరి, నీరు ఇంకనీయక, ఎండినప్పుడు రాయివలె గట్టిపడును. అట్టి నేలలో గడ్డి కూడ మొలుచుట కష్టము. ఏమియును మొలువని ఆ నేలపై వానకాలములో నీలి ఆకుపచ్చ శైవలములు మాత్రము దట్టమైన పొరగా పెరుగుటను సింగ్ గమనించెను. నేలను గట్లు కట్టి మడులుగా విభజించి, వాననీటిని నిలువజేసి, ఆ పొరను పెరుగనిచ్చినచో నేల బాగుపడునని ప్రయోగములు చేసి, 1950లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించెను. మట్టిలో క్షారత తగ్గినది. సేంద్రియ పదార్థమును, నత్రజనియు, నీటిని నిలుపు శక్తియు పెరిగినవి. ఈ రంగములోని కృషిని వివరించు ఆయన గ్రంథమును భారత వ్యవసాయ పరిశోధన మండలి 1961లో ప్రచురించినది.

ఇందులో నత్రజనితోపాటు జిగురు పాత్రయు కలదు. చెదరిన మట్టి రేణువులను అది జిగటతో అతికి చిన్న చిన్న గుళికలుగా చేయును. గుళికల నడుమ సందులు ఏర్పడి గాలియు నీరును ప్రసరించును. జిగురులోని ఆమ్లకణికలు సోడియమును కొంత పట్టియుంచును. జిగురు కుళ్ళినప్పుడు సేంద్రియ పదార్థముగా మారి నేలలో కలియును.

బీడుపడిన నేల చూచి దిగులుపడు రైతునకు ఇది గొప్ప ఆశ. కాని ఆశను కొలిచి చూచుట శాస్త్రధర్మము. జిగురు సోడియమును పట్టుకొనును గాని నాశనము చేయదు. జిగురు కుళ్ళినంతనే ఆ సోడియము మరల మట్టిలోనికే వచ్చును. దానిని శాశ్వతముగా పంపివేయవలెనన్నచో మట్టి రేణువులపై సోడియము ఉన్న చోట కాల్షియము చేరవలెను. విడిపోయిన సోడియము నీటితో కొట్టుకొనిపోవలెను. అందుచేతనే చవుడు నేలలకు జిప్సము వేసి, నీరు నిలిపి, మురుగు కాలువల ద్వారా తీసివేయుట ముఖ్యమైన పద్ధతిగా నిలిచినది. పాకుడు దానికి బదులు కాదు, తోడు. తెలుగునాట చవుడు నేలలున్న గ్రామములలోని విద్యార్థులు ఈ భేదమును గుర్తుంచుకొనుట మంచిది.

ఇసుక పైనను, పళ్ళెములోను

నేలను పట్టియుంచు ఈ గుణము పొడి ప్రాంతములలో ఇంకను స్పష్టముగా కనిపించును. 1941లో అమెరికాలో బూత్ అను శాస్త్రజ్ఞుడు, కోతకు గురియై విడువబడిన పొలములలో మొట్టమొదట నిలదొక్కుకొనునవి ఈ సూక్ష్మజీవులే యనియు, అవి కట్టు పొర నేలకోతను తగ్గించుననియు చూపెను. ఎడారి ఇసుకలో మైక్రోకోలియస్ అను సయనోబాక్టీరియా దారములు జిగురు తొడుగులతో ప్రాకుచు ఇసుక రేణువులను కుట్టినట్లు కలుపును. ఆ పొరపై ఒక బండిచక్రము పోయినచో చాలు, అది తెగి గాలికి ఇసుక లేచును. తిరిగి ఏర్పడుటకు ఏండ్లు పట్టును.

ఈ పాఠమును చైనా దేశము రెండు విధముల నేర్చుకొన్నది. 1958లో ప్రారంభమైన బావోటౌ–లాన్‌జౌ రైలుమార్గము షాపోటౌ వద్ద టెంగర్ ఎడారి ఇసుకతిన్నెల నడుమ పోవును. పట్టాలపై ఇసుక కప్పకుండుటకు తిన్నెలపై గడ్డిని చదరపు గళ్ళుగా పాతిరి. కదలిక ఆగిన ఇసుకపై కాలక్రమమున సయనోబాక్టీరియాల పొర ఏర్పడి, మనుష్యుడు ప్రారంభించిన పనిని కొనసాగించినది.

రెండవ పాఠము చేదైనది. ఉత్తర చైనా మైదానములలో వెంట్రుకలవలె పెరుగు నాస్టాక్ జాతి యొకటి ఉన్నది. దాని పేరు ‘ఫాత్సాయి’. ఆ ఉచ్చారణ ధనవృద్ధి అను మాటను పోలియుండుటచే కొత్త సంవత్సరపు విందులో దానిని వడ్డించుట శుభమని భావించిరి. గిరాకీ పెరిగినకొలదియు జనులు ఇనుపపళ్ళ గొర్రులతో నేలను గీకి దానిని ఏరిరి. దానితోపాటు గడ్డివేళ్ళును పెకలింపబడినవి. విస్తారమైన పచ్చికబయళ్ళు ఎడారిగా మారుట చూచి చైనా ప్రభుత్వము 2000లో దాని సేకరణను, అమ్మకమును నిషేధించినది. నేలను కాచు జిగురును తినబోయి నేలనే పోగొట్టుకొన్నట్లయినది.

జపాన్‌లోని క్యూషూ ద్వీపమున స్వచ్ఛమైన ఊటనీటిలో పెరుగు ‘సుయిజెంజి నోరి’ అను మరియొక జాతి కూడ ఆహారమే. కుమమోటో నగరములో అది పెరుగు చోటును 1924లోనే ప్రకృతి స్మారకముగా ప్రకటించి రక్షించిరి. దాని జిగురునుండి జపాన్ శాస్త్రజ్ఞులు సాక్రాన్ అను పాలీసాకరైడును వేరుచేసి, 2008లో దాని గుణములను ప్రకటించిరి. దాని అణుభారము 1 కోటి 60 లక్షలను మించినది. ఒక గ్రాము సాక్రాన్ సుమారు 6 వేల గ్రాముల స్వచ్ఛమైన నీటిని పీల్చుకొనగలదు. ఐరోపా పల్లెప్రజలను ఆశ్చర్యపరచిన ఉబ్బుడు గుణమునకు ఇక్కడ ఒక అంకె దొరికినది.

కడప రాళ్ళలోని పొరలు

ఇంతవరకు చెప్పినది నేటి జిగురు సంగతి. దీని అతి ప్రాచీనమైన గురుతులు రాళ్ళలో ఉన్నవి. కడప జిల్లాలో వేంపల్లె పేరుగల శిలావిభాగములోని డోలమైటు రాళ్ళను అడ్డముగా కోసి చూచినచో, ఉల్లిపాయ పొరలవలెను, బోర్లించిన గిన్నెల దొంతరవలెను సన్నని వంపు పొరలు కనిపించును. వీటిని స్ట్రొమటోలైటులందురు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి భారత భూగర్భ పరిశీలన శాఖ పక్షమున విపులమైన గ్రంథము వెలువరించెను. ఈ వేంపల్లె రాళ్ళ వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరములు.

ఇట్టి పొరలు జీవులు చేసినవా, లేక కేవలము రసాయనచర్యవలన ఏర్పడినవా యను వివాదము చాలకాలము నడచినది. 1883లో అమెరికాలో జేమ్స్ హాల్ వీటిని శిలాజములుగా వర్ణించెను. 1908లో జర్మనీకి చెందిన కాల్కోవ్‌స్కీ స్ట్రొమటోలైటు అను పేరు పెట్టెను. 1914లో వాల్కాట్ ఇవి శైవలముల పనియే యనెను. కాని ఇంగ్లండులోని సీవార్డ్ వంటి పెద్దలు అంగీకరింపలేదు. రాతిలో కణముల జాడ స్పష్టముగా కనబడనిది ఎట్లు నమ్మవలెనని వారి ప్రశ్న.

సమాధానము జిగురునుండియే వచ్చినది. 1933లో మారిస్ బ్లాక్ బహామా దీవులలోని ఆండ్రోస్ తీరమున ఈ జీవుల పొరలు ఒండ్రును పట్టి నిలుపుటను వర్ణించెను. నీటిలోని సన్నని రేణువులు జిగురునకు అంటుకొనును. వెలుతురు మూసుకొనిపోగా జీవులు పైకి ప్రాకి కొత్త జిగురు పొరను పరచును. దానిపై మరల రేణువులు చేరును. జిగురు పట్టియుంచిన కాల్షియము, జిగురు కుళ్ళినప్పుడు విడుదలయై సున్నముగా పేరుకొనును. 1950 దశకములో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ అఖాతమున నేటికిని పెరుగుచున్న స్ట్రొమటోలైటులు కనుగొనబడెను. 1961లో వాటి వర్ణన ప్రకటింపబడినది. ప్రాచీనశిలల పొరలను పోలిన పొరలు అక్కడ జీవులచే కట్టబడుచున్నవి. దానితో సందేహము చాలవరకు తీరినది. రాతిలో కణములు మిగులకపోయినను వాటి జిగురు చేసిన పని మిగిలినది.

వేంపల్లె రాళ్ళు ఏర్పడిన నాటికి భూమిపై చెట్టు లేదు, చేప లేదు, పురుగు లేదు. లోతులేని సముద్రపు నీటిలో పాకుడు మాత్రము ఉన్నది. అది ఆమ్లజనిని గాలికి ఇచ్చినది, జిగురును నేలకు ఇచ్చినది. కడప ప్రాంతపు ఉపాధ్యాయులు విహారయాత్రకు విద్యార్థులను తీసికొనిపోవునప్పుడు ఆ వంపు పొరలను చూపింపవచ్చును. ఆ పిమ్మట ఊరి చెరువు మెట్టుమీది పాకుడును గోటితో గీకి చూపినచో, రెంటికిని ఉన్న బంధుత్వము పాఠ్యపుస్తకము లేకయే బోధపడును.